చీపురు పెట్టని ఊపిరి

పెళ్ళయిన కొత్తలో జంటలు ఎక్కడెక్కడికో వెళ్ళివస్తాయి. మేము ఒక అద్దానికి చెరోవైపుకి వెళ్ళాం.

ఆ అద్దం మా ఆయన రికార్డింగ్ గదిది. ఇంటి వెనకవైపు ఒకప్పుడు సామాన్లు పడేసుకునే గదిని రెండు ముక్కలు చేసి మధ్యలో మందపాటి అద్దం బిగించారు. ఇవతల ఆయన బల్ల, కంప్యూటరు, స్పీకర్లు. అవతల మాట్లాడేవాళ్ళు కూర్చునే పెట్టె. గది అనడానికి నాకు నోరు రాదు, పెట్టే. కిటికీ లేదు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు, వాటి మీద మా అత్తయ్య పాత బట్టలతో కుట్టిన బొంతలు, కింద తివాచీ, పైకప్పుకి చింపిన పరుపు ముక్కలు. తలుపు అంచు చుట్టూ రబ్బరు. వేస్తే "ఉప్" అని పెదవులు బిగించినట్టు మూసుకుంటుంది. లోపల చప్పట్లు కొడితే ఆ చప్పుడు మన అరచేతుల్లోనే చచ్చిపోతుంది.

నన్ను అందులో పెట్టారు. ప్రేమతోనే పెట్టారు, అదే వచ్చిన చిక్కు. కోపంతో పెట్టి ఉంటే తలుపు తన్నుకుని వచ్చేదాన్ని.

నాకు చిన్నప్పటి నుంచి ఆస్తమా. ఎవరి దగ్గరా దాచలేదు. ఆయన్ని మొదటిసారి కలిసిన రోజే, మాటల మధ్యలో ఇన్‌హేలర్ తీసి పీల్చాను. ఎదుటి మనిషి జాలిగా చూస్తాడేమోనని ఓరకంట చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని వింటున్నారు. "భలే సౌండండీ! ఇంకోసారి చేస్తారా?" అన్నారు. ఇంకోసారి చేయకూడదు, అది మందు అని చెప్పాను. ఇంటికి వెళ్ళి అమ్మతో మాత్రం, "ఇతనే" అని చెప్పాను.

ఊళ్ళోకి కరోనా వచ్చేదాకా నా ఆస్తమా ఆ ఇంట్లో పిల్లికూన లాంటిది. అప్పుడప్పుడు గురగురమనేది, మందు పోస్తే పడుకునేది. కరోనా వచ్చాక అది పులైపోయింది. టీవీలో ఎవరో "ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్ళు జాగ్రత్తగా ఉండాలి" అన్నారట. మా మామయ్య ఆ మాటని హాల్లోంచి వంటింట్లోకి మోసుకొచ్చేసరికి అది "ఆస్తమా ఉన్నవాళ్ళకి సోకిందంటే అంతే సంగతులు" అయింది. అత్తయ్య గుండెల్లోకి దిగేసరికి "మన పిల్ల" అయింది.

"ఇంట్లో గాలి చొరబడని చోటేదైనా ఉందా?" అన్నారు అత్తయ్య.

"మనింట్లో లిఫ్టు లేదే!" అన్నారు మామయ్య. ఆయన ఉద్యోగమంతా లిఫ్టులు బాగుచేయడమే. రిటైరైనా ఆయన పోలికలన్నీ అక్కడే తిరుగుతాయి.

"మీ లిఫ్టులు పాడుగాను! వీడి గది ఉందిగా. నేను కుట్టిన బొంతలు. సూది దూరే సందు లేదు, ఇక పురుగెలా దూరుతుంది?"

"అమ్మా, రోజూ ఆసుపత్రిలో స్పీకర్లు బాగుచేసి వస్తున్నది నేను. పెట్టెలో నన్ను కదా పెట్టాలి?" అన్నారు మా ఆయన.

"నీకు పని ఉంది. ఆ పిల్లకి ప్రాణం ఉంది. నోర్మూసుకుని పరుపు మొయ్యి."

నేను నవ్వుకుంటూనే లోపలికి వెళ్ళాను. నాకూ లోలోపల భయమే. టీవీ మాట నా చెవిలోనూ పడింది కదా.

మొదట్లో అది ఒక ఆటలా ఉండేది. నేను బాత్రూముకి వెళ్ళాల్సివస్తే అత్తయ్య గిన్నె మీద గరిటెతో కొట్టి, "వస్తోందర్రోయ్!" అని కేక వేసేవారు. మామయ్య టీవీ వదిలేసి వరండాలోకి పరిగెత్తేవారు. మహారాణి ఊరేగింపుకి జనం తప్పుకున్నట్టు ఇల్లంతా ఖాళీ అయ్యేది. నేను మూతికి గుడ్డ కట్టుకుని, ఎవరూ లేని సోఫాకి, ఎవరూ లేని కుర్చీకి నమస్కారాలు పెడుతూ వెళ్ళేదాన్ని.

పొద్దున్నే హెడ్‌ఫోన్లలో ఆయన గొంతు. ఆ గొంతు నా కోసమే తయారై రెండు చెవుల మధ్యలో, సరిగ్గా నా తలలో పుట్టేది.

"గుడ్ మార్నింగ్ మేడమ్. లెవెల్ చూసుకుందాం. ఏదైనా మాట్లాడండి."

"ఇంజనీరు గారూ, మీ చొక్కా గుండీలు కిందా మీదా అయ్యాయి."

"బాగా వినిపిస్తోంది. కొంచెం మైకు దగ్గరికి జరగండి."

"మీరే కొంచెం అద్దం దగ్గరికి జరగండి."

"మేడమ్, ఇదంతా హాల్లో స్పీకర్లో వస్తోంది. నాన్న వింటున్నారు."

నాకు ముచ్చెమటలు పోశాయి. ఆయన అద్దం అవతల కడుపు పట్టుకుని నవ్వారు. అబద్ధం! మైకు మీద గుద్దబోయాను. "అయ్యో, దాన్ని కొట్టకు, నన్ను కొట్టు, నేను చవక," అన్నారు. కొడదామంటే అద్దం. ఆయన అవతలి నుంచి చెయ్యి ఆనించేవారు, నేను ఇవతలి నుంచి ఆనించేదాన్ని. చల్లగా ఉండేది. నేను మాట్లాడింది ఆయనకి వినపడాలంటే ఆయన బల్ల మీద ఒక మీట పైకి జరపాలి. జరపకపోతే నేను అద్దంలో నోరు కదిపే చేపని.

పనీ చేసేవాళ్ళం. బడులన్నీ మూసేశారు కదా, పిల్లల పాఠాలు రికార్డు చేసి పంపమని ఆయనకి కాంట్రాక్టు వచ్చింది. చదివే గొంతులు బయటి నుంచి రావడానికి వీల్లేదు. నేను డిగ్రీ చదివినదాన్ని, ఉన్నచోటే ఉన్నదాన్ని. అలా చీమల పాఠం, వానచుక్క పాఠం, భిన్నాల పాఠం నా గొంతులో వెళ్ళాయి.

ఆయన కంప్యూటరులో ఒక సాధనం ఉంది. అసలు పేరు బారెడు, మేము "చీపురు" అనుకునేవాళ్ళం. గొంతు మాత్రం ఉంచి మిగతాదంతా ఊడ్చేస్తుంది. ఫ్యాను హోరు, వీధిలో బండి, నాలుక తడుపుకున్న చప్పుడు, మాటకీ మాటకీ మధ్య ఊపిరిలో వచ్చే గురగుర, అన్నీ. ఆ గదిలో రికార్డయింది ఏదైనా సరే, బయటికి వెళ్ళేముందు దానంతట అదే చీపురు కిందికి వెళ్ళేలా ఆయన ఎప్పుడో అమర్చిపెట్టారు. "వినేవాళ్ళకి పాఠం వినపడాలి గానీ మనిషి ఆయాసం వినపడకూడదు" అన్నది ఆయన వృత్తిధర్మం. ఎడిటింగులో ఆయన పనితనం చూసి నేను మురిసిపోయేదాన్ని. నేను ముక్కలు ముక్కలుగా చదివింది, ఆయన చేతిలో పడ్డాక ఒక్క దారంలా వచ్చేది.

ఇన్‌హేలర్ సంగతి ఆ రోజుల్లోనే వచ్చింది. నాకు రెండున్నాయి. నీలం రంగుది ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది. నారింజ రంగుది ఆయాసం రాకుండా ఉదయం, సాయంత్రం పీల్చేది. మామయ్య ఫోనుకి ఎవరో ఒక సందేశం పంపారు.

"తల్లీ, ఆ నారింజదాంట్లో ఏముంటుంది?" అని మీట జరిపించి అడిగారు మామయ్య.

"కొంచెం స్టెరాయిడ్ మామయ్యా."

మామయ్య, అత్తయ్య ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అదేనే! ఇందులో రాశారు. స్టెరాయిడ్ ఒంట్లో శక్తిని తినేస్తుందట. కరోనాకి తలుపు తీసిపెట్టినట్టేనట."

"అవునా అమ్మాయ్? ఇంత పకడ్బందీగా తలుపులు మూసి, లోపలి నుంచి నువ్వే గడియ తీస్తున్నావా?" అన్నారు అత్తయ్య.

నా డాక్టరమ్మ ఎన్నోసార్లు చెప్పింది, ఇది ఊపిరి గొట్టాల్లో పనిచేసే చిన్న మోతాదని. కానీ ఆ పెట్టెలో కూర్చుంటే, భయం ఎంత చెబితే అంత నమ్మాలనిపిస్తుంది. నారింజది ట్రేలో పెట్టి బయటికి పంపాను. అత్తయ్య దాన్ని శత్రువుని పట్టుకున్నట్టు రెండు వేళ్ళ కొసలతో పట్టుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు.

కొన్నాళ్ళు ఏమీ కాలేదు. చూశావా అన్నారు మామయ్య. ఆ తర్వాత గది చిన్నదవడం మొదలైంది.

అలా చెప్పడం పిచ్చిగా ఉంటుంది గానీ నాకు నిజంగా అలాగే అనిపించింది. బొంతలు గోడల నుంచి నా వైపు జరిగినట్టు, పైకప్పు పరుపు కుంగినట్టు. లోపలి గాలి నిన్నటి గాలిలా, ఎవరో వాడి మడతపెట్టిన గాలిలా ఉండేది. బొంతల్లో ఏళ్ళనాటి దుమ్ము వాసన. గుడ్ల అట్టల గుంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని, మధ్యలో దగ్గొచ్చి లెక్క తప్పేది. నీలం ఇన్‌హేలర్ దిండు కిందికి వచ్చింది, తర్వాత చేతిలోకి, తర్వాత చేతిలోంచి పోలేదు.

చీమల పాఠంలో ఒక పెద్ద వాక్యం ఉంది. "తన బరువుకి ఎన్నో రెట్లు బరువున్న గింజను చీమ నోట కరచుకుని గట్టు ఎక్కి, గుంట దాటి, దారిలో ఎదురైన తోటి చీమలను పలకరిస్తూ పుట్టకు చేరుస్తుంది." మొదట్లో దాన్ని ఒక్క ఊపున చదివేశాను. బడివాళ్ళు మార్పులు చెప్పారని మళ్ళీ చదివినప్పుడు గింజ దగ్గర ఆగాను, గట్టు దగ్గర ఆగాను, గుంట దగ్గర ఆగాను. చీమ పుట్టకి చేరేసరికి నాకు కళ్ళు తిరిగాయి. ఆయన ఆ ముక్కలన్నీ కుట్టేశారు. విని, "అబ్బ, ఎంత బాగా చదివావు!" అన్నారు. నేనూ విని, నిజమే, బాగానే చదివాను అనుకున్నాను.

దగ్గు ఆగకపోయేసరికి ఇంట్లో అందరి మొహాలూ మాడిపోయాయి. కరోనా అన్న మాట ఎవరూ పైకి అనలేదు. అత్తయ్య అద్దం అవతల నిలబడి నన్ను చూస్తూ పెదవులు కదుపుతున్నారు. హెడ్‌ఫోన్లు పక్కన పెట్టేశాను, నాకు వినపడదు. ఆవిడ ప్రార్థిస్తున్నారో తిడుతున్నారో తెలియలేదు. రెండూ అయుంటాయి.

ఆయన డాక్టరమ్మకి ఫోన్ చేశారు. ఆవిడ నన్ను కాలేజీ రోజుల నుంచి చూస్తున్న ఛాతీ డాక్టరు. ఆవిడ గొంతు నాకు హెడ్‌ఫోన్లలో సన్నగా వినిపించింది, పక్కన ఇంకో రెండు ఫోన్లు మోగుతున్నాయి.

"మనుషుల్ని దగ్గరికి రానివ్వడం లేదయ్యా, వార్డంతా నిండిపోయింది. దగ్గేనా, జ్వరముందా?"

"కొద్దిగా వెచ్చగా ఉందండీ," అన్నారు ఆయన.

"మందులు సరిగ్గా వాడుతోందా?"

"అయ్యో, క్రమం తప్పకుండా!" అని అత్తయ్య అందుకున్నారు. "రోజూ బలం బిళ్ళలు, రెండుపూటలా ఆవిరి."

నేను "నారింజది మానేశాను" అన్నాను. ఎవరూ తిరిగి చూడలేదు. మీట కింద ఉంది. అద్దం మీద కొట్టాను. ఆయన నా వైపు చెయ్యెత్తి, ఆగు, మాట్లాడుతున్నాను అని సైగ చేశారు.

"ఒక్క వాక్యం మధ్యలో ఆగకుండా చెప్పగలుగుతోందా?"

"భలేవారే! నిన్ననే చీమల పాఠం గుక్క తిప్పుకోకుండా చదివిందండీ," అన్నారు ఆయన గర్వంగా.

"అయితే ఒక పని చెయ్యి. నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చి వదలమను. అది రికార్డు చేసి పంపు. ఛాతీలో ఈల ఉందో లేదో నేను వింటాను. నువ్వు సౌండు మనిషివే కదా, మంచిది పంపు."

సౌండు మనిషి మంచిదే పంపారు. ఉన్నవాటిలోకెల్లా మంచి మైకు తీసి లోపలికి ఇచ్చారు. నేను దాని ముందు నోరు తెరిచి పీల్చాను, వదిలాను. ఛాతీలో కెటిల్ మూత దగ్గర ఆవిరి తన్నుకున్నట్టుంది. ఆయన పంపేశారు. కాసేపటికి ఫోన్ మోగింది.

"విన్నానయ్యా. చాలా శుభ్రంగా ఉంది. ఈల లేనే లేదు. ఇది ఆస్తమా కాదు. పరీక్ష చేయించండి, వైరసే అయుండొచ్చు. ఫలితం వచ్చేదాకా ఆ గదిలోంచి కదలనివ్వకండి."

ఇక ఊరేగింపులు కూడా ఆగిపోయాయి. మూల ఒక బకెట్టు వచ్చింది. తిండి తలుపు బయట పెట్టి తట్టి పారిపోయేవారు. మర్నాడు ఉదయమే ఆపాదమస్తకం తెల్లటి తొడుగు వేసుకున్న మనిషి వచ్చి, నా ముక్కులో పుల్ల తిప్పి, మొహమైనా చూపించకుండా వెళ్ళిపోయాడు. తలుపు "ఉప్" అంది. ఇంతకుముందు ఆ చప్పుడు ముద్దు పెట్టినట్టుందని నవ్వుకునేదాన్ని.

ఫలితం కోసం కూర్చున్నాం. అంటే వాళ్ళు కూర్చున్నారు. నాకు కూర్చోవడమే ఒక పనైంది. ముందుకి వంగి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, భుజాలతో గాలి తోడుకుంటున్నాను. నా బుర్రలో లెక్క చాలా సూటిగా ఉంది: ఇది ఆస్తమా కాదని డాక్టరమ్మే చెప్పింది, కాబట్టి ఇది కరోనా. కరోనా వచ్చింది, నాకు ఆస్తమా ఉంది, కాబట్టి అంతే సంగతులు. ఆసుపత్రికి వెళ్ళినా అంతే. ఈ బొంతల మధ్యనే అంతే. బొంతల్లో ఒకటి ఆయన చిన్నప్పటి చొక్కా ముక్క, పసుపు రంగు మీద పడవ బొమ్మలు. దాన్నే చూస్తూ కూర్చున్నాను. పెళ్ళయ్యాక ఇద్దరం కలిసి ఒక్కసారైనా వానలో తడవలేదని ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా గాలి కావాలని అప్పుడే తెలిసింది.

మామయ్య అద్దం దగ్గరికి వచ్చి మీట జరిపించారు.

"తల్లీ, లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళందరూ గాలి అయిపోతుందనే అరుస్తారు. అయిపోదమ్మా. లిఫ్టుకి సందులుంటాయి. నేను తలుపు బయట నిలబడి ఇదే చెప్పేవాణ్ణి."

"ఈ పెట్టెకి... లేవు... మామయ్యా," అన్నాను.

మామయ్య తలుపు చుట్టూ ఉన్న రబ్బరు వైపు చూశారు.

సాయంత్రం ఎండ మా ఆయన బల్ల మీద పడుతోంది. అక్కడిదాకానే వస్తుంది ఎండ, అద్దం దాటి రాదు. ఆయన ముసుగు కట్టుకుని నన్నే చూస్తున్నారు. నాకు ధైర్యం కావాలనిపించింది. డాక్టరమ్మ మెచ్చుకున్న ఆ శుభ్రమైన ఊపిరి వింటే కుదుటపడతానేమో.

"ఏమండీ... ఆ రికార్డింగు... వినిపించండి. డాక్టరమ్మకి... పంపింది."

ఆయన పెట్టారు. నా చెవుల్లో ఎవరో అమ్మాయి ఊపిరి తీసుకుంటోంది. మెత్తగా, పొడుగ్గా, చంటిపిల్ల నిద్రపోతున్నట్టు. వెనకాల చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. అదే సమయంలో నా ఛాతీలో ఇంకో అమ్మాయి తలుపు కింద సందులోంచి గాలి లాక్కుంటోంది. ఇద్దరం ఒకేసారి పీలుస్తున్నాం. ఆమెది ఒక ఊపిరి అయ్యేలోగా నావి మూడు.

"ఈమె... ఎవరు?"

ఆయనకి నా మతి పోయిందనిపించింది. లేచి నిలబడ్డారు. "నువ్వేనమ్మా. నిన్ననే కదా రికార్డు చేశాం."

"నా ఈల... ఏదీ?"

నాకు నా ఈల ఊహ తెలిసినప్పటి నుంచి తెలుసు. చిన్నప్పుడు అమ్మ చెవి నా వీపుకి ఆనించి వినేది. అది నాతోపాటు బడికి వచ్చింది, కాలేజీకి వచ్చింది. నిన్న మైకు ముందు అది నా నోట్లోంచి బయటికి వెళ్ళడం నేను విన్నాను. ఈ రికార్డింగులో అది లేదు. ఎవరో ఊడ్చేశారు.

నేను చెయ్యి ఎత్తి, గాల్లో ఊడ్చినట్టు ఊపాను.

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. "చీపురు," అన్నారు. ఆ మాట ఆయన నోట్లోంచి రాలేదు, పడింది. కుర్చీలో కూలబడి కంప్యూటరులో వెతికారు. చీపురు తగలని అసలు ముక్క దొరికింది. పెట్టారు.

నా ఛాతీ మొత్తం స్పీకర్లలో మోగింది. ఒక ఈల కాదు, ఈలల మేళం. సన్నవి, లావువి, పీల్చేటప్పుడు కొన్ని, వదిలేటప్పుడు అన్నీ. వంటింట్లోంచి అత్తయ్య, "ఆ కుక్కరెవరు పెట్టారర్రా పొయ్యి మీద?" అంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

ఆ ముక్క డాక్టరమ్మకి వెళ్ళింది. ఫోన్ ఈసారి వెంటనే మోగింది. ఆయన మీట పైదాకా జరిపారు.

"ఎవరయ్యా ఇది?"

"మా ఆవిడేనండీ. నిన్నటిదీ తనదే. నిన్న... నేను శుభ్రం చేసి పంపాను."

"శుభ్రం చేసి..." అంటూనే ఆవిడ గొంతు పెంచారు. "కొంపలు ముంచావు కదయ్యా! నేను ఆ చెత్త వినడానికే కదా అడిగింది! ఇది ఆస్తమా రెచ్చిపోవడమే. ఏమ్మా, నీ నారింజ ఇన్‌హేలర్ ఏమైంది?"

"బీరువా..." అన్నాను.

"బీరువాకి ఆస్తమానా?"

అత్తయ్య ముందుకి వచ్చారు. "నేనే తీసుకున్నానండీ. స్టెరాయిడ్ కదా, కరోనా వస్తుందేమోనని... ఆస్తమా ఉన్నవాళ్ళకి వస్తే బతకరని..."

"ఎవరు చెప్పారమ్మా మీకు? నా వార్డులోకి వచ్చి చూడండి. ఆస్తమా ఉన్నా మందు మానకుండా అదుపులో పెట్టుకున్నవాళ్ళు చాలామంది మిగతావాళ్ళలాగే గట్టెక్కుతున్నారు. అదుపు తప్పినవాళ్ళని చూస్తేనే నాకు భయం. మీరు చేసిందేంటి? అదుపులో ఉన్నదాన్ని తప్పించారు. ఇంతకీ పిల్ల ఎక్కడ కూర్చుంది?"

ఆయన చెప్పారు. కిటికీ లేదని, బొంతలని, తివాచీ అని.

"దుమ్ము గోదాములో పెట్టారన్నమాట. ముందు బయటికి తీయండి. కిటికీలున్న గదిలో కూర్చోబెట్టండి, అందరూ మాస్కులు కట్టుకోండి. నేను చెప్పినట్టు నీలంది ఇవ్వండి, నారింజది మళ్ళీ మొదలెట్టండి. బండి సిద్ధంగా పెట్టుకోండి. కాసేపట్లో తెరిపిన పడకపోతే ఆసుపత్రే. నేను ఫోన్ పెట్టను, లైన్లోనే ఉంటాను."

అందరూ తలుపు వైపు చూశారు. ఎవరూ కదలలేదు. ఇన్నాళ్ళూ ఆ తలుపే నా ప్రాణానికి కాపలా అనుకున్నారు కదా, చేతులు రాలేదు.

"తప్పుకోండి," అన్నారు మామయ్య. "జీవితమంతా చేసిన ఉద్యోగం ఇదేగా." పిడి పట్టుకుని భుజంతో ఒక్క తోపు తోశారు. రబ్బరు "ఫట్" మని వదిలింది.

ఇంటి గాలి లోపలికి వచ్చింది. ఉల్లిపాయల వాసన, సబ్బు వాసన, మామయ్య పాదాలకి రాసుకునే నూనె వాసన. అంత కలగాపులగపు గాలి నేనెప్పుడూ పీల్చలేదు. ఆయన నన్ను ఎత్తి ముందు గదిలోకి తీసుకెళ్ళారు. పెళ్ళయ్యాక నన్ను ఎత్తుకోవడం అదే మొదటిసారి. ఒకచోట గుమ్మానికి నా మోకాలు కొట్టుకుంది, "సారీ మేడమ్" అన్నారు. నవ్వొచ్చింది గానీ నవ్వడానికి లోపల చోటు లేదు.

డాక్టరమ్మ ఫోన్లోంచి చెబుతుంటే ఆయన నీలంది గొట్టానికి తగిలించి నా నోటికి పెట్టారు. పీల్చు, ఆగు, వదులు. మళ్ళీ. అత్తయ్య కిటికీలన్నీ బార్లా తెరిచేశారు. తెరవడానికి ఇంకేమీ మిగలక అల్మరా తలుపు కూడా తెరిచారు. మామయ్య బండి తాళం గుప్పిట్లో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. చాలాసేపు ఏమీ మారలేదు. ఆ తర్వాత ఎక్కడో ఒక ముడి కొంచెం వదులైంది. ఒక ఊపిరి అడుగుదాకా వెళ్ళివచ్చింది.

"చీమ చెప్పు," అన్నారు ఆయన.

"తన బరువుకి ఎన్నో రెట్లు బరువున్న గింజను చీమ నోట కరచుకుని..." అక్కడ ఆగాను. మళ్ళీ పీల్చి, "...గట్టు ఎక్కి, గుంట దాటి" అన్నాను.

"చాలు," అంది ఫోను. "గుంట దాటింది. బండి తాళం ఇక లోపల పెట్టండి. మళ్ళీ బిగిస్తే మాత్రం నన్ను అడక్కుండా బయల్దేరండి."

అత్తయ్య అప్పుడు ఏడ్చారు. నా దగ్గరికి రాకూడదని గది అవతలి మూల నిలబడి, ముసుగు తడిసిపోయేలా. "నిన్ను కాపాడుకుందామనుకున్నాను అమ్మాయ్," అన్నారు. "నాకు తెలుసు అత్తయ్యా," అన్నాను. తెలుసు కాబట్టే ఆ పెట్టెలో నోరెత్తలేకపోయాను.

మర్నాడు ఫలితం వచ్చింది. పాజిటివ్.

అంటే సూది దూరని ఆ పెట్టెలోకి కరోనా దూరింది! ఎవరి వెంట వచ్చిందో తెలియలేదు. మిగతావాళ్ళకీ పరీక్షలు చేస్తే ముగ్గురికీ ఉంది. పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మినా అత్తయ్య ముక్కుకి తెలియనప్పుడే మాకు అర్థమైంది. మామయ్య నా మంచం వైపు చూసి, "తల్లీ..." అని మాట పూర్తి చేయలేకపోయారు. డాక్టరమ్మ మాత్రం నా మందుల గురించి నాలుగు ముక్కలు చెప్పి, "ఇప్పుడు ఆ పెద్దాయనకి ఫోనివ్వు. షుగరుందంటున్నారు, వయసుంది. అమ్మాయిని పెట్టెలో పెట్టి మీరు హాల్లో టీవీ ముందు కూర్చున్నారా? వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టుకుని అంకె చెప్పండి," అంది. టీవీలో చెప్పిన జాగ్రత్త తనకి కూడానని మామయ్య అప్పుడే గమనించారు.

నాకు జ్వరం వచ్చింది, ఒళ్ళు పచ్చిపుండైంది, ఏం తిన్నా అట్ట తిన్నట్టుంది. భయం రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేది. కానీ నారింజది పొద్దునా సాయంత్రం వేళకి వచ్చేది, అత్తయ్య చేతుల్లోనే, నోరు పుక్కిలించడానికి గ్లాసుడు నీళ్ళతో సహా. ఛాతీ బిగుసుకోలేదు. మామయ్య అంకె కొన్నాళ్ళు అందర్నీ హడలగొట్టి, నెమ్మదిగా నిలదొక్కుకుంది. ఇంకో మంచి సంగతి, ఇంట్లో అందరికీ వచ్చేసింది కాబట్టి ఎవర్ని ఎవరి నుంచి దాచాలో తెలియక అద్దం పనిలేనిదైంది. ఆయన దగ్గుకుంటూ వచ్చి నా మంచం మీద కూర్చున్నారు. ఇద్దరికీ వాసన తెలియదు, స్నానం చేసి ఎన్నాళ్ళైందో గుర్తులేదు. చెయ్యి చెయ్యి పట్టుకున్నాం. మధ్యలో చల్లగా ఏమీ తగల్లేదు. అంతకంటే హనీమూన్ ఏముంటుంది చెప్పండి!

కోలుకున్నాక అత్తయ్య తనే పెట్టెలోంచి బొంతలన్నీ పీకేసి ఎండలో దులిపారు. లేచిన దుమ్ము చూసి, "ఇదంతా పిల్ల ముక్కులోకే!" అని తల కొట్టుకున్నారు. పడవల చొక్కా ముక్క మాత్రం ఉతికి నాకిచ్చారు.

ఆ వారం డాక్టరమ్మ మళ్ళీ నా ఊపిరి వినాలన్నారు. కిటికీ పక్కన కూర్చుని పీల్చి వదిలాను, ఆయన పంపారు. ఫోన్ మోగింది.

"ఏమయ్యా, మళ్ళీ ఊడ్చావా? ఈల లేదిందులో."

"లేదండీ, ఒట్టు! చీపురు తీసేశాను!"

"నిన్ను నేను నమ్మను. ఫోన్ తీసుకెళ్ళి ఆ పిల్ల నోటి దగ్గర పెట్టు. నేను నేరుగా వింటాను."

పెట్టారు. నేను నోరు తెరిచి పీల్చాను. సరిగ్గా అప్పుడే కిటికీ మీద కాకి అరిచింది. వీధిలో ఎవరిదో బండి స్టార్టవక గింజుకుంది. హాల్లో మామయ్య, "టీవీ రిమోటెక్కడ పెట్టావే?" అంటే, వంటింట్లోంచి అత్తయ్య, "నీళ్ళలో పడేశాను, వెతుక్కోండి!" అని కేకేశారు. వీటన్నిటి మధ్యలోంచి నా ఊపిరి లోపలికి వెళ్ళి, అడుగు తాకి, ఏ అడ్డూ లేకుండా తిరిగి వచ్చింది.

అవతల ఇంకో ఫోను మోగింది, ఆవిడ ఎత్తలేదు.

"సరే, నమ్మాను," అంది డాక్టరమ్మ. "ఆ రిమోటు సంగతి చూడండి."